బ్రేకు ఇన్‌స్పెక్టరు రాసిచ్చిన నాలుగు లైన్లు



2023 జూన్‌లో ఒక సోమవారం పొద్దున్నే మా మారుతి 800 తీసుకుని రవాణా శాఖ ఆఫీసుకి వెళ్లాను. కారు 2008 నాటిది, పదిహేనేళ్లు నిండుతున్నాయి. సొంత కారుకి మన దేశంలో రిజిస్ట్రేషను పదిహేనేళ్లకే ఇస్తారు. ఆ గడువు దాటాక కూడా రోడ్డు మీద తిప్పాలంటే ఫారం 25 నింపి, ఫీజు కట్టి, బండిని తీసుకెళ్లి చూపించాలి. తిరగడానికి పనికొస్తుందని అధికారి ఒప్పుకుంటే మరో అయిదేళ్లు పొడిగిస్తారు. ఆ ఫీజు 2022 మార్చి దాకా 600 రూపాయలు, ఏప్రిల్ నుంచి 5000.

ముందు రోజు ఆదివారం కారుని నా చేతులతో నేనే కడిగాను. ఇంజను మీద జిడ్డంతా గుడ్డతో తుడిచాను. సీ-బుక్కు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఒక ఫైల్లో సర్దాను. ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. కారు పాసవుతుందనే నమ్మకంతోనే బయల్దేరాను. అంతకు ముందు నాలుగేళ్లలో అది నన్ను ఒక్కసారి కూడా దారిలో ఆపలేదు మరి.

మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు అని సర్కారు కాగితాల్లో రాస్తారు గానీ, మన ఊళ్లలో ఆయన్ని అందరూ పిలిచేది బ్రేకు ఇన్‌స్పెక్టరనే. ఆ పేరు జనం ఊరికే పెట్టలేదని ఆ రోజు తెలిసింది. వచ్చినాయన ముప్ఫయ్యయిదేళ్ల మనిషి. ముందు బానెట్ ఎత్తించి, చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దిన ప్రింటుని సీ-బుక్కుతో పోల్చుకున్నాడు. తరవాత నన్ను కారెక్కించి, ఆఫీసు గేటు దగ్గర ఎత్తుగా ఉన్న ర్యాంపు మీదికి పోనిమ్మన్నాడు. సగంలో ఆపించి, "హ్యాండ్ బ్రేకు వేసి, న్యూట్రల్ చేసి, కాలు తీసెయ్యండి సార్" అన్నాడు.

తీశాను. కారు ఒక్క క్షణం నిలబడింది. తరవాత నెమ్మదిగా, ఎవరో వెనక్కి లాగుతున్నట్టు జారడం మొదలెట్టింది. నాకు తెలియకుండానే కాలు మళ్లీ బ్రేకు మీద పడింది.

ఆయనేమీ అనలేదు. కిందికి దిగి ముందు చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. లోపల టక్ టక్ మంది. టైరు గాడిలో బొటనవేలి గోరు దించి చూశాడు. హెడ్‌లైట్లు వేయించి, ఎడమ దాని ముందు అరచెయ్యి పెట్టి, మళ్లీ కుడి దాని ముందు పెట్టి చూశాడు. మొత్తం పన్నెండు నిమిషాలు పట్టింది. జేబులోంచి కాగితం తీసి నాలుగు లైన్లు రాసి ఇచ్చాడు. హ్యాండ్ బ్రేకు ఆగడం లేదు. ముందు టైర్లు రెండూ మార్చాలి. ఎడమ హెడ్‌లైటు వెలుగు లేదు. స్టీరింగ్‌లో ప్లే, అంటే వదులు, ఉంది. "చేయించుకుని తీసుకురండి సార్" అన్నాడు, అంతే.

వెనక్కి వస్తున్నంతసేపూ కోపంగానే ఉంది. ఇంటికొచ్చి కాగితం టేబుల్ మీద పెట్టి చూసుకుంటే కోపం దిగి, భయం మొదలైంది. ఆ కారులో వారం కిందట మా అమ్మాయిని, ఆరు నెలల మనవణ్ణి ఎక్కించుకుని మారేడుమిల్లి ఘాట్ దిగొచ్చాను నేను.

ఈ వేళ మీతో చెప్పదలచుకున్నది ఆ కాగితం గురించే. కారుకి మన దగ్గర చాలా కాగితాలుంటాయి. సీ-బుక్కులో ఇంజను నంబరుంటుంది, యజమాని పేరుంటుంది. ఇన్సూరెన్సులో రూపాయలుంటాయి. పొల్యూషన్ సర్టిఫికెట్‌లో పొగ లెక్క ఉంటుంది. ఆ బండికి ఎక్కడ జబ్బుందో చెప్పే కాగితం మాత్రం ఒక్కటీ ఉండదు. నాకు అలాంటిది దొరికిందంటే, ఆ రోజు ఫెయిలవడం వల్లే దొరికింది. పాసై ఉంటే దొరికేది కాదు. సెకండ్ హ్యాండ్‌లో చిన్న కారు కొనేవాళ్లందరికీ అలాంటి నాలుగు లైన్లు ముందే తెలియాలన్నదే నా తాపత్రయం.

ఎందుకు చిన్న కారు గురించే ఇంత చెబుతున్నానంటే, మొదటి కారు కొనే ఇంటికి సాధారణంగా వచ్చేది అదే. నేను 2019లో విశాఖపట్నంలో ఒక కుటుంబం దగ్గర 62 వేలకి కొన్నాను. మారుతి 800 తొలి కారు తాళాలు 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా కొన్నతనికి అందాయి. 796 సీసీ ఇంజను, మూడు సిలిండర్లు, పన్నెండంగుళాల చక్రాలు, ఓ పక్కన నిలబడితే దాదాపు భుజం దాకా వచ్చే ఒళ్లు. ముప్ఫై ఏళ్లు అమ్మారు. 2010 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ నాలుగు అనే పొగ నిబంధన వచ్చాక హైదరాబాదు లాంటి పెద్ద నగరాల్లో అమ్మకం ఆపేశారు గానీ, మన రాజమండ్రి లాంటి ఊళ్లలో ఆ తరవాత కూడా కొత్తవి దొరికాయి. చివరి బండి తయారైంది 2014 జనవరిలో. అంటే మన చిన్న పట్టణాల్లో తిరిగే ఆఖరి 800లకి పదిహేనేళ్లు నిండేది 2029లో. ఈ లోపు చేతులు మారేవి బోలెడు. దాని తమ్ముడు ఆల్టో సంగతీ అంతే, చాలా ఏళ్లు అదే 796 సీసీ ఇంజను కుటుంబం.

ఇక నా కారు దగ్గరికి వస్తాను. మా ఊళ్లో ఒక షెడ్డుంది. నడిపేది నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రాడు. ఇప్పుడు వాడికీ నలభై దాటాయి. కాగితం చూపించగానే, "హ్యాండ్ బ్రేకు కేబుల్ బిగిస్తే పాసైపోతుంది మాస్టారూ, అయిదు నిమిషాల పని" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "కానీ అలా చెయ్యొద్దండి, వెనక డ్రమ్ములు విప్పుదాం" అన్నాడు. ఆ ఒక్క క్షణం ఆగినందుకు వాడికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

వెనక చక్రం తీసేశాడు. డ్రమ్ము రాలేదు, తుప్పుతో పట్టేసి ఉంది. చుట్టూ సుత్తితో తట్టి తట్టి, చివరికి పట్టు వదిలించి ఊడదీశాడు. లోపల నల్లటి పొడి, దాని కింద తడి. లైనరు మీద వేలు రాసి నా ముక్కు దగ్గర పెట్టాడు. బ్రేకు ఆయిలు. చక్రం లోపల చిన్న సిలిండరు ఉంటుంది, మనం పెడల్ తొక్కితే ఆయిలు ఒత్తిడి వచ్చి దాని రెండు పక్కలా పిస్టన్లు బయటికి జరిగి లైనర్లని డ్రమ్ముకి ఒత్తుతాయి. ఆ పిస్టన్ల మీద రబ్బరు కప్పులుంటాయి. ఏళ్ల తరబడి విప్పకపోతే అవి గట్టిపడి, చిట్లి, ఆయిలు చెమ్మలా కారుతుంది. ఆయిలు తగిలిన లైనరు డ్రమ్ముని పట్టుకోదు, జారుతుంది. హ్యాండ్ బ్రేకు ఆ వెనక చక్రాల మీదే పనిచేస్తుంది. కేబుల్ ఎంత బిగించినా జిడ్డు లైనరుతో బండి ఎన్నాళ్లు ఆగుతుంది?

పాస్కల్ సూత్రం ఎన్ని వందలసార్లు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పానో లెక్కలేదు. మూసి ఉన్న ద్రవంలో ఒక చోట ఒత్తిడి పెడితే అది అన్ని చోట్లకీ సమానంగా పాకుతుందని. ఆ ద్రవం కారిపోతే ఏమవుతుందో నా కారు వెనక చక్రంలో ఆ రోజు వేలు పెట్టి చూశాను.

ఆ తరవాత వాడు టార్చి వేసి ముందు చక్రాల లోపలి వైపు చూపించాడు. బ్రేకు ఆయిలు మోసుకెళ్లే రబ్బరు గొట్టాన్ని రెండు వేళ్లతో వంచాడు. వంచిన చోట ఎండిన చెరువు మట్టిలాగా పగుళ్లు. ఇది ఇన్‌స్పెక్టరు కాగితంలో లేదు. ఆయన తప్పు కాదది. చక్రం విప్పకుండా, కిందికి దూరకుండా పైనుంచి చూసే పరీక్షలో అది కనపడదు. ఆయిలు డబ్బా మూత తీస్తే లోపల రంగు కాచిన టీలా ఉంది. కొత్తప్పుడు లేత తేనె రంగులో ఉంటుంది. బ్రేకు ఆయిలుకి గాల్లో తేమని పీల్చుకునే గుణముంది. నీళ్లు కలిసిన కొద్దీ అది మరిగే ఉష్ణోగ్రత తగ్గిపోతుంది. ఘాట్‌రోడ్డు దిగుతూ పదే పదే బ్రేకు తొక్కితే వేడికి లోపల ఆవిరి బుడగలు పడతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. అప్పుడు పెడల్ నేలదాకా వెళ్లిపోతుంది, చక్రం ఆగదు. అందుకే రెండేళ్లకోసారి ఆ ఆయిలు మార్చమంటారు. నేను నాలుగేళ్లు మార్చలేదు, అంతకు ముందు వాళ్లు ఎన్నాళ్లు మార్చలేదో. తిరుమల ఘాట్‌కి, అరకు ఘాట్‌కి పాత కార్లలో పిల్లాపాపలతో వెళ్లేవాళ్లు దయచేసి ఈ ఒక్కటి చేయించుకోండి. అదేమంత పెద్ద ఖర్చు కాదు.

గంటకి 30 కిలోమీటర్ల వేగంలో బ్రేకు తొక్కితే 13 మీటర్లలోపు కారు ఆగాలని మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. పదమూడు మీటర్లంటే సుమారు నాలుగు చిన్న కార్ల వరస. ఖాళీ మైదానంలో సుద్దతో గీత గీసుకుని ఎవరైనా చూసుకోవచ్చు. ఆగిందా లేదా అన్నదొక్కటే కాదు, ఆగేటప్పుడు స్టీరింగ్ ఏ పక్కకి లాగుతోందో కూడా గమనించాలి. ఒక పక్కకి లాగితే రెండో పక్క చక్రంలో బ్రేకు సరిగా పట్టడం లేదేమోనని చూపించుకోవాలి.

టైర్ల సంగతికొస్తే, నేను వాదించాను. గాళ్లు ఇంకా ఉన్నాయి కదా అన్నాను. కారు టైరుకి గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లుండాలని చట్టం. గాడి లోపల అక్కడక్కడా చిన్న గట్లలాంటివి ఉంటాయి, టైరు అరిగి ఆ గట్టుతో సమానమైందంటే లోతు 1.6కి వచ్చేసిందని గుర్తు. నా టైర్లు బయటి అంచు వైపు బాగానే ఉన్నాయి. మా వాడు స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి లోపలి అంచు చూపించాడు. నున్నగా, గుండులా. నిలబడి చూసేవాడికి ఆ అంచు కనపడదు. అది టైరు జబ్బు కూడా కాదు, చక్రాల వంపు తేడా వచ్చి, అంటే ఎలైన్‌మెంట్ పోయి, స్టీరింగ్ కింద ఉన్న టై రాడ్ ఎండ్‌లు వదులైపోయి, చక్రం నేలని ఈడ్చుకుంటూ పోతున్నందువల్ల వచ్చింది. ఇన్‌స్పెక్టరు రాసిన రెండో లైనూ నాలుగో లైనూ నిజానికి ఒకటే జబ్బు.

ఇంకో విషయం. టైరు పక్కన కోలగా ఉన్న చిన్న గడిలో నాలుగంకెలుంటాయి. నా దాని మీద 2313 అని ఉంది. 2013వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. అంటే పదేళ్ల రబ్బరు. సెకండ్ హ్యాండ్ కారుని తక్కువ తిరిగిందని సంతోషంగా కొంటాం. తక్కువ తిరిగిన కారుకి టైర్లు అరగవు గానీ ముదురుతాయి. ఎండకి పక్కలు సన్నగా చిట్లుతాయి. కొనడానికి వెళ్లినప్పుడు నాలుగు టైర్ల మీదా, స్టెప్నీ మీదా ఆ నాలుగంకెలు చదవండి. అమ్మేవాళ్లు చెప్పే కథకి అవి సరిపోతున్నాయో లేదో మీకే తెలుస్తుంది.

హెడ్‌లైటు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. లోపలి అద్దం పూత మసకబారింది, డూము మార్చాం. కొందరు దాన్ని మార్చకుండా మార్కెట్లో దొరికే తెల్లటి పవర్ బల్బు పెట్టేస్తారు. పాత వైరింగు ఆ కరెంటు మొయ్యలేక వేడెక్కుతుంది, ఎదుటివాడి కళ్లు చెదురుతాయి. అది మాత్రం చెయ్యొద్దు.

అన్నిటికంటే నన్ను కుదిపేసింది కాగితంలో లేని ఇంకోటి. ఆ పనంతా అయ్యాక మా వాడు డ్రైవరు కాళ్ల కింద మ్యాటు ఎత్తమన్నాడు. దాని కింద తారు షీటు లాంటిది అతికించి ఉంటుంది, అంచు పట్టుకుని లేపితే తేలిగ్గా వచ్చేసింది, చెమ్మ వాసన కొట్టింది. కింద రేకు గోధుమరంగులో, పొరలు పొరలుగా పొట్టు లేస్తోంది. స్క్రూడ్రైవరు మొన పెట్టి మెల్లగా నొక్కాడు. గట్టిగా కాదు, మామిడిపండు పండిందో లేదో వేలితో నొక్కి చూస్తామే, అంత మెల్లగా. మొన కిందికి దిగిపోయింది. తీసి టార్చి వేస్తే ఆ కంతలోంచి షెడ్డు నేల మీద ఇసక కనిపించింది.

నేను రోజూ పాదం ఆనించే చోటు అది.

విశాఖలో ఆ కుటుంబం సముద్రానికి దగ్గర్లో ఉండేది. అప్పుడు ఆ ఇంటి డాబా మీంచి కెరటాలు కనపడుతుంటే నాకు ముచ్చటేసింది. ఉప్పుగాలి ఇనుముని ఎలా తింటుందో పాఠం చెప్పినవాణ్ణి, ఆ గాల్లో పదకొండేళ్లు ఆరుబయట నిలబడ్డ కారుని కొంటూ మ్యాటు ఎత్తి చూడాలని తోచలేదు. చిన్న కారు బరువే దాదాపు 650 కిలోలు. అంటే రేకు పల్చన. మన వైపు మచిలీపట్నం, కాకినాడ, విశాఖ, నెల్లూరు తీరం కార్లకి తుప్పు పట్టే చోట్లు దాదాపు ఒక్కటే: కాళ్ల కింద ఫ్లోరు, తలుపుల కింది అంచులు, బ్యాటరీ కింద పళ్లెం, వెనక చక్రాల ఆర్చీలు, డిక్కీలో స్టెప్నీ కూర్చునే గుంట. తలుపు కింది అంచులో నీళ్లు పోవడానికి చిన్న కన్నాలుంటాయి, అవి దుమ్ముతో పూడుకుపోతే వాననీళ్లు తలుపులోనే నిలబడి లోపల్నించి తినేస్తాయి. ఒక పుల్లతో ఏడాదికోసారి పొడిస్తే చాలు.

అమ్మకానికి పెట్టిన కారు కింద కొత్తగా నల్లటి కోటింగు మిలమిలలాడుతుంటే సంతోషపడకండి. అది తుప్పు రాకుండా వేసిందో, వచ్చినదాన్ని కప్పడానికి వేసిందో పైకి తెలియదు. ఫ్రిజ్ మీద అతికించే అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్లండి. పల్చటి గుడ్డ చుట్టి ఆర్చీల మీద, తలుపుల కింద ఆనించండి. రేకుంటే పట్టుకుంటుంది. టింకరింగులో పుట్టీ మెత్తి రంగేసిన చోట పట్టుకోదు, జారిపోతుంది.

తుప్పు అనగానే ఇంకో మాట గుర్తొస్తోంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు ఇళ్ల ముందున్న కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. ఆ మనుషుల నష్టం తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. మునిగిన కారు ఆరబెట్టి, సీటు కవర్లు మార్చితే చూపుకి బాగానే ఉంటుంది. కానీ వైర్ల కలయికల్లో చేరిన మట్టి నెలల తరవాత పని చెబుతుంది. సీటు బెల్టుని పూర్తిగా చివరిదాకా లాగి చూడండి. చుట్టలో ఎప్పుడూ బయటికి రాని భాగం మీద బురద గీత ఉంటే ఆ కారు మునిగిందే. బెల్టు కడిగినవాళ్లు కూడా చివరి జానెడు కడగరు.

నా కారుకి ఆ కంత చుట్టూ కుళ్లిన రేకు కోసి, కొత్త రేకు వెల్డింగు చేయించాం. వెనక సిలిండర్లు, లైనర్లు, ముందు గొట్టాలు, బ్రేకు ఆయిలు, టై రాడ్ ఎండ్‌లు, ఎలైన్‌మెంట్, రెండు టైర్లు, లైటు డూము. లేబరుతో కలిపి 13,400 అయింది. పది రోజుల తరవాత మళ్లీ వెళ్లాను. అదే ఇన్‌స్పెక్టరు, అదే ర్యాంపు. కాలు తీశాను, కారు కదల్లేదు. ఆయన సంతకం పెట్టాడు. 2028 దాకా.

ఆ సంతకం దేని గురించో కూడా చెప్పుకోవాలి. ఆ రోజు, ఆ వేళకి, చూసినంత మేరకి బండి రోడ్డు మీద తిరగొచ్చని. ఇంజను ఇంకెన్నాళ్లు బతుకుతుందో అందులో లేదు. క్లచ్చి ప్లేటు ఎంత మిగిలిందో లేదు. 800కి ఇంజను ఒక పక్కన టైమింగ్ బెల్టని రబ్బరు పట్టా ఉంటుంది, అది తెగితే నడిరోడ్డు మీద ఇంజను ఉన్నపళంగా ఆగిపోతుంది. దాన్ని ఏ తనిఖీలోనూ చూడరు. "మొన్ననే పాసైంది సార్, అయిదేళ్లు చూసుకోనక్కర్లేదు" అని అమ్మేవాళ్లంటే ఆ మాటలో మొదటి సగమే నిజం.

మా మేనల్లుడు ఇంగ్లండులో రెడింగ్‌లో ఉంటాడు. వాడూ అక్కడ చిన్న కారే కొన్నాడు, సెకండ్ హ్యాండ్‌లో. బ్రిటన్‌లో దాదాపు ప్రతి కారుకీ మూడేళ్లు నిండాక ఏటా ఎంఓటీ అనే పరీక్ష ఉంటుంది. 1960లో మొదలెట్టినప్పుడు పదేళ్లు దాటిన బండ్లకే పెట్టారు, తరవాత తగ్గిస్తూ 1967కల్లా మూడేళ్లకి తెచ్చారు. 2018 నుంచి లోపాల్ని ప్రమాదకరమైనవి, పెద్దవి, చిన్నవి అని విడదీసి రాస్తున్నారు. ఫెయిల్ చేసేంత కాకపోయినా కనిపెట్టి ఉండాల్సిన వాటిని సలహాగా విడిగా రాస్తారు. అవన్నీ కారు నంబరు కొడితే ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, 2005 దాకా వెనక్కి వెళ్లి చూడొచ్చు. ప్రతి పరీక్షనాడు మీటరులో ఎన్ని మైళ్లున్నాయో కూడా ఉంటుంది, కాబట్టి మీటరు వెనక్కి తిప్పితే దొరికిపోతారు.

వాడు కొనబోయి మానేసిన ఒక కారు చరిత్ర నాకు ఫోన్లో చదివి వినిపించాడు. ఒక ఏడాది: వెనక బ్రేకు గొట్టానికి కొంచెం తుప్పు, సలహా. మరుసటేడు: అదే గొట్టం, అదే తుప్పు, సలహా. ఆ మరుసటేడు: తుప్పు ఎక్కువైంది, ఫెయిల్. "చూశావా మావయ్యా, మూడేళ్లు చెబుతూనే ఉన్నారు, పట్టించుకోలేదు. బ్రేకే పట్టించుకోనివాడు ఇంకేం పట్టించుకుని ఉంటాడు?" అన్నాడు. లోపం చూసి కారుని తూచడం కన్నా, లోపానికి యజమాని ఏం చేశాడో చూసి తూచడం మేలని పాతికేళ్లవాడి దగ్గర నేర్చుకున్నాను. అక్కడి పరీక్ష కూడా ఇంజను, గేర్ బాక్సుల బాగోగుల జోలికి వెళ్లదు. అయినా కొనేవాడి చేతిలో ఎంతో కొంత వెలుగుంటుంది.

మనకీ బండి నంబరు కొడితే కొంత తెలుస్తుంది. ఎప్పుడు రిజిస్టరైంది, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా, ఇన్సూరెన్సు ఉందా లేదా. ఏ లోపానికి వెనక్కి పంపారన్నది కనపడదు. నాకిచ్చిన నాలుగు లైన్ల కాగితం నా దగ్గర తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. యంత్రాలతో పరీక్షించే కేంద్రాలకి 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. అక్కడ చక్రాల్ని రోలర్ల మీద తిప్పి, ఎడమ బ్రేకు ఎంత బలంగా పట్టింది, కుడిది ఎంత అన్నది అంకెల్లో తీస్తారు. వదులైన కీళ్లని కదిలించి చూసే పలకలుంటాయి. మంచిదే. ఆ అంకెలు బండి నంబరుకి ముడిపడి, రేపు దాన్ని కొనే ఇంటివాళ్లు చదువుకునేలా ఉంటే ఎన్నో ప్రాణాలు నిలబడతాయని నా నమ్మకం. లక్ష రూపాయల లోపు కారు కొనేవాళ్లు ఎవరు? పాల వ్యాపారం చేసుకునేవాళ్లు, చిన్న ఉద్యోగులు, తల్లిదండ్రుల్ని ఆస్పత్రికి తిప్పాల్సినవాళ్లు. షోరూము వారంటీ ఉండేది డబ్బున్నవాళ్ల బండికి. లోపాల చిట్టా అవసరం ఎక్కువున్నది వీళ్లకే.

అంతదాకా మనమే రాసుకోవాలి. కొనేముందు షెడ్డుకి తీసుకెళ్లి విప్పించి చూపిస్తానంటే, అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఆ కారు వదిలెయ్యండి. ఒప్పుకుంటే పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. మనం వెళ్లేసరికే ఇంజను వేడిగా ఉందంటే చల్లగా స్టార్టు చేసి చూపించడం వాళ్లకి ఇష్టం లేదన్నమాట. స్టార్టవగానే సైలెన్సర్లోంచి నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు తాగుతోంది. నల్ల పొగైతే పెట్రోలు ఎక్కువ తింటోంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి గుండ్రంగా నడపండి. ముందు చక్రం దగ్గర టిక్ టిక్ టిక్ మని వినిపిస్తే ఆక్సిల్ జాయింటు అరిగింది. ఆ జాయింటుకి ముడతల రబ్బరు బూటు ఉంటుంది. అది చిట్లిన రోజే చూసుకుంటే కొన్ని వందలతో పోతుంది. చూసుకోకపోతే గ్రీజు కారిపోయి, ఇసక దూరి, వేలల్లో ఖర్చు.

మా షెడ్డు కుర్రాడు చెప్పిన ఇంకో మాట: కొత్త కారువాళ్లు సర్వీసు తేదీ వస్తే బండి తెస్తారట, పాత కారువాళ్లు చప్పుడు వస్తే తెస్తారట. బ్రేకు గొట్టం చిట్లేటప్పుడు చప్పుడు చెయ్యదు. ఫ్లోరు తుప్పు పట్టేటప్పుడూ చెయ్యదు.

ఆ కాగితం ఇప్పటికీ డ్యాష్‌బోర్డు సొరుగులో సీ-బుక్కుతో పాటే ఉంది. దాని వెనక నేను కలిపిన లైన్లున్నాయి, ఏ తేదీన ఏం మార్చామో ఉంది. కిందటేడాది నుంచి ఆ కారు మా అమ్మాయి నడుపుతోంది, స్కూలుకి. తనూ టీచరే. మొన్న ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతుంటే ఇంటి ముందు చాప పరిచిన చప్పుడైంది. వెళ్లి చూస్తే కారు కింద నుంచి కాళ్లు మాత్రం కనపడుతున్నాయి, ఫోను టార్చి వెలుతురు చక్రం మీద పడుతోంది.

"నాన్నా, కుడి పక్క బూటు మడతలో పగులొచ్చింది. ఇంకా గ్రీజు బయటికి రాలేదు. కాగితం, పెన్నూ తీసుకురా" అంది.